పరిశోధక విద్యార్థి ఉత్సాహమును పొదుపుగా వాడుకొను విధానము

హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో ఐదో ఏడు పరిశోధన సాగిస్తున్న నన్ను, కొత్తగా చేరిన స్కాలర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "అన్నా, ఇన్నేళ్లు ఉత్సాహం తగ్గకుండ ఎట్ల ఉన్నవ్?" ఈ ప్రశ్నలో ఎగతాళి ఉన్నదని నా గదిలో ఉండే మిత్రుడి అనుమానం. ఉండవచ్చు. అయినా అడిగినవాడికి చెప్పడం పెద్దవాడి ధర్మం కనుక చెబుతున్నాను. నా ఉత్సాహం తగ్గకపోవడానికి కారణం, దానిని నేను ఇంతవరకు వాడకపోవడమే. పెళ్లినాటి పట్టుచీరను మా అమ్మ కలరా ఉండలు వేసి బీరువాలో ఎట్లా దాచుకున్నదో, చేరిన రోజు నాలో ఉన్న ఉత్సాహాన్ని నేనూ అట్లాగే మడత నలగకుండా దాచుకున్నాను.

ఈ పొదుపుకు ప్రభుత్వ నిబంధనల అండ కూడా ఉన్నది. విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2022లో విడుదల చేసిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం పరిశోధనకు కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు; తిరిగి నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు; మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు. నా పరిశోధనాంశానికి సంబంధించిన ఏ గ్రంథాన్నీ ఇంత శ్రద్ధగా, ఇన్నిసార్లు, అంచుల్లో గీతలు గీసుకుంటూ చదవలేదని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. ఎంత గడువు ఇస్తే పని అంత పొడుగు సాగుతుందని పార్కిన్‌సన్ అనే ఆంగ్లేయుడు 1955లోనే రాశాడు. కాబట్టి మూడేళ్లలో ముగించినవారు నిబంధనను పాటించారేమో గాని, సూత్రాన్ని అవమానించారు.

ఇక ధనం సంగతి. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ కింద మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పని సంతృప్తికరమని తేలితే ఆ తర్వాతి మూడేళ్లు 42,000 రూపాయలు ఇస్తున్నారు. వెరసి ఫెలోషిప్ ఐదేళ్లు, గడువు ఆరేళ్లు. ఈ రెండు అంకెల మధ్య మిగిలిన ఒక్క ఏడాదిని మించిన వ్యక్తిత్వ వికాస శిక్షకుడు ఈ నగరంలో లేడు. అతని తరగతి నాకు మరికొన్ని నెలల్లో మొదలవుతుంది.

జనం తొందరపడి అనుకుంటున్నట్లు నేను సోమరిని కాను. గత సెమిస్టర్‌లో మా శాఖలో జరిగిన జాతీయ సదస్సుకు ఫ్లెక్సీ కొట్టించినవాడిని నేను, అందులో ముఖ్య అతిథి పేరు తప్పు పడితే రాత్రి పదకొండు గంటలకు మళ్లీ కొట్టించినవాడిని నేను, ఆయనను సికింద్రాబాద్ స్టేషన్ నుంచి తీసుకువచ్చినవాడిని, శాలువాలు లెక్క పెట్టినవాడిని, మూడు వందల సర్టిఫికెట్ల మీద పేర్లు రాసినవాడిని కూడా నేనే. ఇవన్నీ ఒక్క రోజు ఆలస్యం లేకుండా జరిగాయి. ఎందుకు జరిగాయంటే, ప్రతి గంటకూ ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగారు కనుక. సిద్ధాంత గ్రంథాన్ని గురించి అట్లా అడిగే నాథుడు లేడు. గైడుగారు మర్యాదస్తులు, అడిగితే నేను నొచ్చుకుంటానని వారి భయం. వారు అడుగుతారేమోనని నా భయం. ఈ రెండు భయాల మధ్య మూడో అధ్యాయం నిశ్చింతగా నిద్రపోతున్నది. అడిగేది మా పిన్ని ఒక్కతే, అదీ పెళ్లిళ్లలో, పంక్తిలో నా పక్కన కూర్చొని, సాంబారు వడ్డించే సమయానికి.

సెమిస్టర్‌కు ఒకసారి సలహా సంఘం ముందు హాజరై పురోగతిని వివరించాలన్న నియమం ఉన్నది. ఆ సమావేశానికి ముందు పది రోజులు నా గదిలో లైటు ఆరదు. మిగిలిన అయిదు నెలల ఇరవై రోజులనూ శాస్త్ర పరిభాషలో సన్నాహం అంటారు. "గ్రంథ సమీక్ష తుది దశలో ఉన్నది" అన్న వాక్యాన్ని నేను వరుసగా నాలుగు నివేదికలలో సమర్పించాను. సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రచనలతో పోలిక 10 శాతం దాటితే జరిమానాలుంటాయని 2018 నాటి నిబంధన చెబుతున్నది గాని, ఒకే వ్యక్తి నివేదికల మధ్య నూటికి నూరు శాతం పోలికను కొలిచే యంత్రాన్ని ఇంకా ఎవరూ కొన్నట్లు లేదు.

విదేశీ పద్ధతులను కూడా ప్రయత్నించకపోలేదు. 1980ల చివర ఫ్రాన్సిస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి, చదువు మీద మనసు నిలవక, వంటింట్లో వాడే టమాటా ఆకారపు గడియారాన్ని పక్కన పెట్టుకొని 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అన్న పద్ధతిని కనిపెట్టాడు. ఇటలీవారు టమాటాను పొమొడోరో అంటారు కనుక పద్ధతికి ఆ పేరే నిలిచింది. ఆయన ఎన్నడూ ఇరానీ హోటల్లో కూర్చోలేదని ఆ అయిదు నిమిషాల లెక్క చూస్తేనే తెలిసిపోతున్నది. హాస్టల్ మెట్లు దిగి, వీధి దాటి, చాయ్ చెప్పి, అది వచ్చేలోగా రెండు ఉస్మానియా బిస్కెట్లు ముగించి, వచ్చిన చాయ్‌ని సాసర్‌లో పోసుకొని, పక్క బల్ల మీద జరుగుతున్న రాజకీయ చర్చలో మన వంతు తప్పు సమాచారం అందించి, మర్యాద కోసం మరొకటి వన్ బై టూ తాగి తిరిగి వచ్చేసరికి గంటంబావు. పనికీ విరామానికీ ఇటలీలో ఉన్న నిష్పత్తి ఐదుకు ఒకటి, మాకు ఒకటికి మూడు. టమాటాను పప్పులో వేసుకోవడమే మేలని నా నిర్ధారణ.

ఆదివారాలలో ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల నడుమ విజయరహస్యాలు కుప్పలుగా దొరుకుతాయి. అక్కడే కొన్న ఒక వాడని డైరీలో, మొదటి పేజీ మీద, "రేపు: మూడో అధ్యాయం" అని రాసుకున్నాను. చిన్నతనంలో మా ఊళ్లో దయ్యం తిరుగుతున్నదన్న పుకారు పుట్టినప్పుడు ఇళ్ల తలుపుల మీద బొగ్గుతో "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవారు. అది రోజూ వచ్చి, చదువుకొని, మాట మీద నిలబడే జాతి కనుక వెనక్కి పోయేదట. మూడో అధ్యాయం కూడా అటువంటి పెద్దమనిషే. ప్రతి ఉదయం వస్తున్నది, డైరీ చూస్తున్నది, వెళ్తున్నది.

గది మారిస్తే గతి మారుతుందని ఎవరో చెప్పగా కిందటి వారం చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు తెల్లవారకముందే వచ్చి కుర్చీల మీద సంచులు పెట్టి చోటు పట్టుకుంటారు. నా పక్కన కూర్చున్న అబ్బాయి మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పుతూ, "ఏ పోస్టుకన్నా?" అని అడిగాడు. పీహెచ్‌డీ అన్నాను. "దానికి ఎగ్జామ్ డేట్ ఎప్పుడున్నది?" అన్నాడు. డేట్ ఏమీ ఉండదన్నాను, మనం రాసి ఇచ్చినప్పుడే అన్నాను. అతను ముద్ద నోట్లో పెట్టుకోకుండా కాసేపు నన్నే చూశాడు. తర్వాత లేచి, ఫ్యాను కింద తను పొద్దున్నే పట్టుకున్న కుర్చీలోంచి సంచి తీసేసి, "నువ్వు ఇక్కడ కూసో అన్నా," అన్నాడు.