సవరణ: వార్డులో వేధింపులపై ఫిర్యాదు ఎవరికివ్వాలి?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు సిస్టర్ల కోసం మొన్న పెట్టిన పోస్టులో, సీనియర్ల వేధింపు ఏదైనా సరే ఇంటర్నల్ కమిటీకి రాయొచ్చనీ, గడువు నెల రోజులనీ రాశాను. రెండూ తప్పే. చట్టం పాఠంతో సరిచూసి మారుస్తున్నాను.

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం కింద ఏర్పడే ఆ కమిటీ లైంగిక వేధింపుల కోసమే. గడువు ఘటన రోజు నుంచి 3 నెలలు; వరసగా జరుగుతుంటే చివరి ఘటన నుంచి. తగిన కారణం చూపిస్తే కమిటీ ఇంకో 3 నెలల వరకు పొడిగించగలదు. పదిమంది కన్నా తక్కువ పనిచేసే నర్సింగ్ హోమ్ అయితే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి వెళ్లాలి.

అందరి ముందూ కసరడం, నైట్ డ్యూటీలన్నీ ఒక్కరికే వేయడం, యాసను వెక్కిరించడం, మూడో బెడ్‌కి ఇన్సులిన్ పడిందో లేదో చెప్పకుండా హ్యాండోవర్ (తర్వాతి షిఫ్టువాళ్లకి రోగుల్ని అప్పజెప్పడం) ముగించడం ఇవన్నీ నర్సింగ్ సూపరింటెండెంట్‌కి రాసివ్వాలి. ఆవిడ మీదే ఫిర్యాదైతే మెడికల్ సూపరింటెండెంట్‌కి. ఇన్సులిన్ సంగతి రోగి ప్రాణం మీదికొచ్చేది. అప్పటికప్పుడు చార్టు, షుగర్ చూసి డ్యూటీ డాక్టర్‌కి చెప్పండి, కాగితం తర్వాత.

"ఎప్పుడూ సతాయిస్తారు" అని రాస్తే పక్కన పడేస్తారు. తేదీ, షిఫ్టు, వార్డు, అన్న మాట అన్నట్టుగా (ఒడియాలో అంటే ఒడియాలోనే), పక్కనున్నవాళ్ల పేర్లు, డ్యూటీ చార్టు నకలు ఉండాలి. కేస్ షీట్ ఫొటో మాత్రం తీయొద్దు, రోగి వివరాలు బయటికొస్తే తప్పు మీ మీదికే వస్తుంది. రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసుకి అందిన కాగితాలకిచ్చే నంబరు), ముద్ర వేయించుకోండి. లేదంటే రేపు అసలు అందనే లేదంటారు.