సవరణ: స్వీయకరుణ, అతిగా తినడం

దిగులుగా ఉన్నప్పుడు అతిగా తినే అలవాటుపై నేను ఇంతకుముందు పెట్టిన పోస్టులో, తన పట్ల తాను దయగా ఉంటే, అంటే స్వీయకరుణ చూపుకుంటే, ఎవరైనా తక్కువ తింటారని 2007లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చిందని రాశాను. అది తప్పు, మూలవ్యాసం చదవకుండా ఎవరో రాసిన సారాంశాన్ని నమ్మాను.

క్లెయిర్ ఆడమ్స్, మార్క్ లియరీ చేసిన ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు కళాశాల విద్యార్థినులు. డోనట్ తిన్న తరువాత కొందరికి, ఇలాంటివి అందరూ అప్పుడప్పుడూ తింటారని, తమను తాము నిందించుకోవద్దని నాలుగు మాటలు చెప్పి, ఆపై రుచి చూడమని మిఠాయిలు ఇచ్చినప్పుడు, ఆ మాటల ప్రభావం ప్రధానంగా కనిపించింది తిండి విషయంలో తమను గట్టిగా కట్టడి చేసుకునేవారిలోనే. వారు తక్కువ తిన్నారు. అందరికీ వర్తించే సూత్రమేమీ అందులో లేదు.

స్వీయకరుణ అంటే ఇష్టమొచ్చినంత తినవచ్చనే అనుమతిగా కొందరు చదువుకున్నారు, అందుకూ నా రాతే కారణం. మనస్తత్వ పరిశోధకురాలు క్రిస్టిన్ నెఫ్ 2003లో స్వీయకరుణకు ఇచ్చిన వివరణలో దయతో పాటు, లోపాలు మనుషులందరికీ ఉంటాయన్న గుర్తింపు, బాధను దాచకుండా, పెంచకుండా గమనించడం కూడా ఉన్నాయి. నేను దయ ఒక్కటే చెప్పి ఊరుకున్నాను. ఖాళీ పొట్లం చేతిలో ఉండగా ‘నాకు బుద్ధి రాదు’ అని తిట్టుకోకుండా, ‘ఇది ఆకలి కాదు, దిగులు’ అని పోల్చుకోవడమే ఆ గమనింపు. పాత పోస్టులో ఆ అధ్యయనం గురించి రాసిన వాక్యాన్ని మార్చాను.