24 గుర్రాలూ ఒక మొహమాటమూ

మా ట్రాక్టరుకు 24 గుర్రాల బలం ఉందని దానితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. నా మొహమాటానికి ఎన్ని గుర్రాల బలం ఉందో మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. ఈ జులైలో రెండింటికీ పోటీ పడింది. బండి ఓడిపోయింది.

మాది సంతకవిటి మండలం. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేవాళ్లం. ఆ నెలలో కొత్త జిల్లాలు పుట్టాక, ఊళ్లో ఒక్క ఇటుకా కదలకుండానే విజయనగరం వాళ్లమైపోయాం. లెక్కల మాస్టారుగా ఉద్యోగం ముగిశాక చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి ఈ చిన్న ట్రాక్టరు కొన్నాను. ఉన్నది రెండున్నర ఎకరాలు, దానికి పెద్ద బండి దండగ. ఇదైతే ఇరుకు గట్ల మీద పోతుంది, కొబ్బరి చెట్ల మధ్య తిరుగుతుంది, రాత్రి పశువుల శాలలో ఆవు పక్కనే సర్దుకుంటుంది. మొదటిసారి చూసి మా ఆవిడ "అచ్చం దూడలా ఉంది" అంది. అలా అనకుండా ఉండాల్సింది. పెద్ద ట్రాక్టరు కావాలంటే ఎవరైనా అద్దె మాట్లాడుకుని వస్తారు. దూడకు అద్దె ఎవరిస్తారు?

ఏరువాక పున్నమినాడు, ఇంట్లో ఎడ్లు లేవు కాబట్టి, బండికే పూజ చేశాను. బానెట్ మీద పసుపు రాశాను, చక్రాలకు నిమ్మకాయలు తొక్కించాను, కనిపించిన ప్రతి చోటా కుంకుమ బొట్టు పెట్టాను. స్టీరింగు ముందు ఒక గుండ్రని మీటరు అందంగా కనిపిస్తే దాని అద్దం మీద కాస్త పెద్ద బొట్టే పెట్టాను. ఆ బొట్టు సంగతి మళ్లీ వస్తుంది.

మడ్డువలస కాలువకు నీళ్లు వదిలిన వారం మొదలైంది అసలు కథ. నీళ్లు వచ్చాక అందరికీ ఒకేసారి దమ్ము పట్టాలి. ఊళ్లో పెద్ద ట్రాక్టర్లు రెండే. మొదట మా పెదనాన్నగారి అబ్బాయి వచ్చాడు. "తమ్ముడూ, ఆ చెరువు కింది మడి ఒక్కటే. రెండు చుట్లు తిప్పితే చాలు" అన్నాడు. "దానికేముంది అన్నయ్యా" అన్నాను. ఈ "దానికేముంది" అనేది నా నోట్లో ఎవరో పోసి పెట్టిన మాట. నా అనుమతి లేకుండానే బయటికి వస్తుంది. తర్వాత అన్నయ్యగారి వియ్యంకుడు వచ్చాడు. ఆ తర్వాత నా దగ్గర చదువుకున్నవాళ్లు వరుస కట్టారు. ముప్పై ఏళ్లు ఒకే ప్రాంతంలో పాఠాలు చెబితే కనపడిన ప్రతివాడూ శిష్యుడే. "మాస్టారూ, మీరు నేర్పిన ఎక్కాలే ఇప్పటికీ అన్నం పెడుతున్నాయి" అని మొదలుపెట్టేవాడికి బండి ఇవ్వకుండా ఎలా ఉంటాం? తీరా తాళం చేతికిచ్చేటప్పుడు డీజిలు మాట ఎత్తితే మాత్రం, ఎక్కాలు వచ్చినవాడూ రానివాడూ ఒకే జవాబు చెప్పారు: "తర్వాత చూసుకుందాం మాస్టారూ."

దమ్ము అంటే పట్నంలో పెరిగినవాళ్లకు ఒక ముక్క చెప్పాలి. రబ్బరు చక్రాలు తీసేసి ఇనుప చక్రాలు తొడిగి, నీళ్లు నిలిచిన మడిలో మట్టిని కలిపి కలిపి గట్టి పెరుగులా చేయాలి. బండి చేసే పనుల్లో ఇంతకంటే బరువైనది లేదు. చక్రాలు బురదలో దిగబడుతుంటాయి, వెనక రోటవేటరు కత్తులు తిరుగుతుంటాయి, ఇంజను గొంతు చించుకుంటుంది. ట్రాక్టరుకు కిలోమీటర్ల లెక్క ఉండదు, గంటల లెక్క ఉంటుంది. 19 రోజుల్లో మీటరు మీద 131 గంటలు పెరిగాయి. అలవాటు పోక భాగహారం చేశాను: రోజుకు ఏడు గంటలకు కాస్త తక్కువ. అందులో మా సొంత పొలంలో తిరిగినవి సున్నా. మా ఆకుమడిలో రాగోలు పరిశోధన కేంద్రం వారి శ్రీకాకుళం సన్నాల నారు 38 రోజులు దాటి, పెళ్లీడు దాటిన పిల్లలా నా వైపే చూస్తోంది.

ఇరవయ్యో రోజున మా బావమరిది వచ్చాడు. మా ఊరి పొలిమేరలో కొంత పొలం కౌలుకు చేస్తున్నాడు. వాడి పెద్ద ట్రాక్టరు టైరు చీలి మూల పడింది, రోటవేటరు మాత్రం ఖాళీగా ఉంది. "బావా, నీ రోటవేటరు నాలుగడుగులది, నాది ఆరడుగులది. నాది తగిలిస్తే గంటన్నర పని గంటలో అయిపోతుంది" అన్నాడు. మనసులో త్రైరాశికం వేశాను. వాడి లెక్క నూటికి నూరుపాళ్లు సరిపోయింది. నలభై అయిదు గుర్రాలకు పైబడిన బండ్ల కోసం చేసిన సామాను అదని త్రైరాశికంలో ఎక్కడా రాదు.

పిన్నులు మార్చి ఎలాగో తగిలించాడు. లీవరు ఎత్తగానే రోటవేటరు లేవలేదు, బండి ముందు చక్రాలు లేచాయి. తల్లి పొదుగు అందక ముందుకాళ్లు ఎగరేసే దూడలాగే ఉంది. నేను భయపడ్డాను. వాడు నవ్వి, రెండు ఇసుక బస్తాలు తెప్పించి ముందు జాలీకి అడ్డంగా కట్టించాడు. చక్రాలు నేలకు దిగాయి. "చూశావా బావా, చిన్న చిట్కా" అన్నాడు. ఆ జాలీ వెనకే రేడియేటరు ఉంటుందనీ, అది గాలి పీల్చేది అక్కడి నుంచేననీ ఇద్దరికీ తట్టలేదు. ముక్కు మీద దిండు పెట్టి బరువు మోయమన్నట్టు అయింది.

అరగంట నడిచింది. తర్వాత తెల్లటి పొగ, కుడుముల గిన్నె మూత తీసినట్టు ఆవిరి, ఆ పైన నిశ్శబ్దం. గట్టు మీదికి జనం చేరారు. మా ఊళ్లో మనిషికి జ్వరం వస్తే ముగ్గురు వైద్యులు, ట్రాక్టరుకు వస్తే పదిమంది. ఒకరు డీజిల్లో నీళ్లున్నాయన్నారు, ఒకరు దిష్టి అన్నారు. "వేడెక్కింది, నీళ్లు పోయండి" అని ఎక్కువమంది తేల్చారు. బావమరిది గోనెగుడ్డ వేసి రేడియేటరు మూత తిప్పాడు. మూత వాడి చేతిని వదిలి ఆకాశం చూసి వచ్చింది. మరిగిన నీళ్లు ఒక్క ఉదుటున లేచి, పక్కనే నిలబడ్డ ఒక పెద్దాయన గొడుగు మీద పడ్డాయి. ఎండకని తెచ్చుకున్న గొడుగు అది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సంతోషంలో బకెట్టెడు కాలువ నీళ్లు తెచ్చి లోపల పోసేశాం. కాగిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఆ సమయానికి గట్టు మీద ఇల్లాలు ఒక్కరూ లేరు. లోపలెక్కడో "టక్" మంది.

బండిని ఇంటికి చేర్చింది ఆ గొడుగు పెద్దాయన ఎడ్లే. ఊళ్లో మిగిలిన జత అదొక్కటే. 24 గుర్రాలను రెండెడ్లు వీధి వెంట లాక్కుంటూ వస్తుంటే అరుగుల మీద అందరూ లేచి నిలబడి చూశారు. ఇంటి ముందు పలుపు విప్పుతూ పెద్దాయన, "ఎడ్లకు తవుడు సంగతి ఇప్పుడే చూసుకుందాం మాస్టారూ" అన్నాడు. బడిలో నా దగ్గర చదవని మనిషి.

మర్నాడు రాజాం నుంచి ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీ వచ్చాడు. సిమెంటు సంచిలో పానాలు, చెవి మీద బీడీ, నోట్లో మాట తక్కువ. ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి ఎండలోకి ఎత్తాడు. నల్లగా ఉండాల్సిన ఆయిలు చిక్కటి పాలు పోసిన టీ రంగులో ఉంది. అంచున చిన్న నురుగు కూడా కట్టింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ టీ గ్లాసులతో వచ్చింది. మేస్త్రీ గ్లాసు వంక చూశాడు, పుల్ల వంక చూశాడు.

"నాకు వద్దమ్మా" అన్నాడు.

కుక్కరు మూతకు రబ్బరు రింగు ఉన్నట్టే, ఇంజను బాడీకీ హెడ్డుకూ మధ్య గాస్కెట్ ఉంటుందట. వేడికి హెడ్డు వంగి, గాస్కెట్ పేలి, నీళ్లూ ఆయిలూ కలిసిపోయాయి. ఇసుక బస్తాలు విప్పి జాలీ తీస్తే రేడియేటరు రెక్కల సందుల్లో గడ్డీ బురదా కలిసి పిడకలా గట్టిపడి ఉంది. రోజూ సాయంత్రం దులపాల్సింది. సాయంత్రానికి బండి ఎవరి పొలంలో ఉండేదో నాకే తెలిసేది కాదు. మేస్త్రీ పాత టూత్‌బ్రష్షు అడిగి, రెక్కలు వంగకుండా మెల్లగా గీకి, ఫ్యాను వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాడు. ఎదురుగా కొడితే చెత్త ఇంకా లోపలికి పోతుందన్నాడు. తర్వాత స్టీరింగు ముందుకు వచ్చి ఆగిపోయాడు.

"వేడి ముల్లు చూసుకోలేదా మాస్టారూ?"

"ఎక్కడుంది?"

బొటనవేలితో కుంకుమ బొట్టు తుడిచాడు. దాని కింద ఇంకో ఎరుపు ఉంది. ముల్లు ఆ గీత దాకా వస్తే బండి ఆపేయాలట. పందొమ్మిది రోజులుగా బండి పెడుతున్న కేకను నేను దేవుడి బొట్టు కింద దాచి ఉంచాను.

వంగిన హెడ్డును మిషను మీద చదును చేయించాలి. రాజాంలో వరుసలో నాకంటే ముందు ఆరు హెడ్లున్నాయి. దాన్ని బియ్యం సంచిలో వేసుకుని విజయనగరం బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకుంటే తొడలు మొద్దుబారేంత బరువు. చీపురుపల్లి దాకా ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, సంచి గుండ్రదనం చూసి, "పనసకాయా బాబూ?" అంది. కాదని చెబితే ఆవిడ చిన్నబుచ్చుకుంటుందేమో అనిపించింది. "అవునమ్మా" అన్నాను. గరివిడి వచ్చేసరికి ఎంతకు కొన్నానో, ఎవరి తోటలో కోశారో కూడా చెప్పాను. నెల్లిమర్ల దగ్గర ఆవిడ ఆగలేక, "పండిందో లేదో తట్టి చూస్తాను ఉండు" అని వేళ్లతో గట్టిగా కొట్టింది. ఠంగుమంది. చెయ్యి విదిలించుకుంటూ, "పచ్చిదే. నిన్ను మోసం చేశారు" అంది.

మిషను దగ్గర కుర్రవాడు హెడ్డు మీద ఉక్కు బద్ద నిలబెట్టి, కింద ఆకుకంటే పల్చటి రేకు దూర్చాడు. అది హాయిగా ఇటు దూరి అటు వచ్చింది. పని అయ్యేదాకా మూడు లాంతర్ల కూడలి వైపు నడిచి, పైడితల్లి అమ్మవారికి దండం పెట్టుకున్నాను. బొట్టు మాత్రం నా నుదుటికే పెట్టుకున్నాను.

హెడ్డు ఎక్కించేటప్పుడు చూడాలి మేస్త్రీ ఓపిక. బోల్టులు మధ్య నుంచి మొదలుపెట్టి బయటికి, ఒక్కొక్కటి కొంచెం కొంచెం, మూడు విడతలుగా బిగించాడు. నవారు మంచం బిగించినట్టు. ఒక మూలే లాగేస్తే రెండో మూల లేస్తుంది. ఒకసారి ఆయిలు పోసి, పది నిమిషాలు నడిపి, పారబోసి, మళ్లీ కొత్త ఆయిలు పోశాడు. డీజిలు గొట్టంలో గాలి చేరిందని చిన్న స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టమన్నాడు. బుడగలతో నురగలుగా వచ్చిన డీజిలు కాసేపటికి సన్నటి ధారై నిలకడగా వచ్చింది. స్క్రూ బిగించి తాళం తిప్పితే, రెండు దగ్గులు దగ్గి బండి మాట్లాడింది. మొత్తం ఖర్చు 11,400 రూపాయలు. నాకు నోట మాట రాలేదు. "దానికేముంది" కూడా రాలేదు.

బండి మూలపడ్డ ఆ తొమ్మిది రోజులూ మా గుమ్మం ముందు నుంచి పోయినవాళ్లందరూ పలకరించారు. "ఇంకా బాగుకాలేదా మాస్టారూ? మా రెండో మడి అలాగే ఉండిపోయింది" అని నొచ్చుకున్నారు. నేను వాళ్లందరికీ క్షమాపణలు చెప్పాను. అది వింటూ మా ఆవిడ లోపలి నుంచి వచ్చింది, బండి తాళం తీసుకుంది, కొంగున ముడి వేసుకుంది. మధ్యాహ్నానికి ఒక నోటు పుస్తకం తయారైంది. పేరు, మడి, గంటలు, గంటకు 700, డీజిలు ముందుగా. మొదటి రోజు నా శిష్యులు ముగ్గురు వచ్చి, ఎక్కాల ప్రస్తావన తెచ్చారు. ఎక్కాలు చెప్పింది ఆయన, బండి నాది అని చెప్పి పంపించింది.

మర్నాడు తెల్లవారుజామున, ముదిరిన నారును తలుచుకుని నిద్ర పట్టక, మా పొలానికి దమ్ము పడదామని లేచాను. ఆవిడ పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది.

"తాళం ఇస్తావా?" అన్నాను.

"ఎవరి పొలం?"

"మనదే."

కత్తిపీట పక్కకు జరిపి, చెయ్యి తుడుచుకుని, పుస్తకంలో నా పేరు రాసుకుంది. ఎన్ని గంటలని అడిగింది. ఆరు అన్నాను. రాసుకుంది. కొంగు ముడి విప్పి, తాళం సగం దాకా చాపి ఆగింది.

"డీజిలు?"

"తర్వాత చూసుకుందాం" అన్నాను.

తాళం మళ్లీ ముడిలోకి వెళ్లిపోయింది.