మండల విద్యావనరుల కేంద్రానికి ఒక ఏకోపాధ్యాయుడి సంజాయిషీ

మహారాజశ్రీ మండల విద్యావనరుల కేంద్రం వారి దివ్యసముఖమునకు,

విషయం: మధ్యాహ్న భోజన వివరాలను 42 నిమిషాలు ఆలస్యంగా నమోదు చేయుట – సంజాయిషీ – సమర్పించుట – గురించి.

తమ పరిధిలోని చిట్టచివరి ఊరి ప్రాథమిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు, సహోపాధ్యాయుడు, గుమాస్తా, గంట కొట్టేవాడు, కోడిగుడ్ల లెక్క చూసేవాడు అన్నీ తానే అయిన ఒక సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయుడు నమస్కరించి రాసుకొను విన్నపములు. ఇక్కడ నేనూ, నా పంతొమ్మిది మంది పిల్లలూ క్షేమం. మీ సర్వరు క్షేమ సమాచారమే ఉదయం నుంచి తెలియరావడం లేదు.

మంగళవారం నాటి ఆలస్యానికి 24 గంటల్లోగా కారణం తెలపమని మీరు పంపిన మెమో అందింది. కారణం చివరలో చెబుతాను. అంతకు ముందు, ఇన్నేళ్లుగా మీకొక విద్యాతత్త్వం అంటూ లేదని నలుగురిలో అన్న మాటకు క్షమాపణ చెప్పుకోవలసి ఉంది. ఉందని ఈ మధ్యనే గ్రహించాను. ఫొటో ఉన్నది జరిగినట్టు, ఫొటో లేనిది జరగనట్టు. అద్వైతం తరవాత ఈ నేల మీద ఇంత క్లుప్తంగా జగత్తును తేల్చి చెప్పిన సిద్ధాంతం మరొకటి నాకు కనిపించలేదు.

2022 ఆగస్టులో ముఖం చూపి హాజరు వేసుకునే విధానం వచ్చినప్పటి నుంచి నా ముఖాన్ని పిల్లలకంటే ముందు ఫోనుకు చూపించడం అలవాటైంది. మా బడిలో సిగ్నలు ఈశాన్య మూల నీళ్ల ట్యాంకు పక్కన మాత్రమే అందుతుంది కనుక, ఈశాన్యంలో బరువు ఉండరాదన్న వాస్తును కాదని రోజూ ఉదయం నేనూ నా ఉద్యోగమూ అక్కడే నిలబడతాం. ఆ తరవాత పిల్లల హాజరు, వండినవారి వివరాలు, తిన్నవారి సంఖ్య, గుడ్ల నిల్వ, చిక్కీల నిల్వ. ఒకప్పుడు వీటికి తోడు మరుగుదొడ్ల ఫొటోలు కూడా పంపేవాళ్లం. మరుగుదొడ్డిని ఫొటో తీసిన చేత్తోనే అన్నం గిన్నెనూ ఫొటో తీసి, రెండింటినీ తారుమారు కాకుండా దేని గడిలో దాన్ని పెట్టడం ఎంత ఏకాగ్రత కావలసిన పనో మీకు విన్నవించనక్కరలేదు. ఒకనాడు నాకా ఏకాగ్రత చెదిరి అన్నం గడిలోకి రెండోది వెళ్లిపోయింది. ఉద్యోగం పోయిందనుకుని మూడు రాత్రులు నిద్రపోలేదు. మీ దగ్గర నుంచి ఒక్క మాట లేదు. మా బడి పేరు పక్కన ఆకుపచ్చ గుర్తు మాత్రం నిలకడగా వెలుగుతూనే ఉంది. మీ సిద్ధాంతంలోని రెండో భాగం నాకు ఆనాడు బోధపడింది: ఫొటో పంపడం మా ధర్మమే గానీ, చూడడం మీ ధర్మం కాదు. తప్పు ఫొటో ఏనాడూ మీ కంట పడలేదు, 42 నిమిషాల ఆలస్యం మాత్రం 43వ నిమిషంలో పడింది.

ఇప్పుడు ఈ నమోదులకు వాడే యాప్‌లన్నింటినీ లీప్ అన్న ఒకే యాప్‌లోకి కలిపారని విని సంతోషించాను. తెరిచి చూస్తే వీధి తలుపు ఒకటే అయింది, లోపల గదులు మాత్రం అలాగే ఉన్నాయి.

ఉపాధ్యాయులను జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప బోధనేతర పనులకు వాడరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోందని మా సంఘం వారు అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటారు. చట్టాన్ని మీరు ఉల్లంఘించారని నేననను. ఈ నమోదులన్నీ విపత్తు పద్దు కింద వస్తాయని నా అభిప్రాయం.

మీ పూర్వీకుల గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే వారి ఆస్తి మీ గోడల మీద ఇంకా పెచ్చులుగా మిగిలి ఉంది. 1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం నడిచిన రోజుల్లో ఉపాధ్యాయ కేంద్రాలని ఉండేవి. పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఊరి పరిసరాలే పాఠం కావాలి, పిల్లల పనిని తరగతి గోడల మీద ప్రదర్శించాలి అంటూ ఆరు సూత్రాలు చెప్పేవారు. మా నాన్నగారు కూడా బడిపంతులే. ఆ శిక్షణల నుంచి సంచి నిండా చింతగింజలూ అగ్గిపెట్టెలూ పట్టుకుని వచ్చేవారు. తరవాత డీపీఈపీ అనే జిల్లా ప్రాథమిక విద్యా పథకం వచ్చింది, 2001లో సర్వశిక్షా అభియాన్ వచ్చింది, 2018లో సమగ్ర శిక్ష వచ్చింది, ప్రతిసారీ మీ బోర్డుకు కొత్త రంగు పడింది. ఎండకు ఆ రంగు వెలిసిన చోట పాత పథకం పేరు ఒక అక్షరం కనిపిస్తుంటుంది. మీ ప్రాంగణంలో ఎవరైనా తలెత్తి చదవగలిగిన చరిత్ర అదొక్కటే.

ఆ కాలంలోనే, 1987లో, ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అని కేంద్రం ఒక పథకం పెట్టి, ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసం రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలన్నది. అరవై మంది పిల్లల వరకు ఇద్దరని విద్యాహక్కు చట్టమూ అన్నది. మా బడికి రెండో గది వచ్చింది, నల్లబల్ల వచ్చింది, ఆ పైన తెల్లబల్ల కూడా వచ్చింది. రెండో మాస్టారు ఇంకా దారిలో ఉన్నారు. అయితే ఈ ఇద్దరి సూత్రాన్ని మీరు పూర్తిగా మరిచిపోయారని నిందించలేను. కొన్నేళ్ల క్రితం ప్రతి మండలానికీ ఎంఈఓ–2 అని రెండో విద్యాశాఖాధికారి పదవిని సృష్టించారు కదా. అయిదు తరగతులకు ఒకడు సరిపోతాడు గానీ, ఆ ఒకణ్ణి సంజాయిషీ అడగడానికి ఒకరు సరిపోరన్న మాట నిజమే.

2022లో 117వ నంబరు జీవో వచ్చి రాష్ట్రంలోని బడులను ఆరు రకాలుగా విడదీసినప్పుడు, నా మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు పక్క ఊరి హైస్కూలుకు నడిచి వెళ్లారు. వారిలో కొందరు దారి మధ్యలో పసుపుపచ్చ బస్సు కనబడితే ఎక్కి, ప్రైవేటు బడిలో దిగిపోయారు. 2025లో ఆ జీవోను ఉపసంహరించి తొమ్మిది రకాల బడులను ఏర్పాటు చేశాక, ఆ తరగతులు తిరిగి వచ్చాయి. బస్సెక్కినవారు రాలేదు. నవగ్రహాల్లో నా బడి ఏ గ్రహమో తేల్చుకోలేక, పిల్లలు అడిగితే మాత్రం బడి అనే చెబుతున్నాను.

భాష విషయంలోనూ మీ పట్టుదల గొప్పది, అది ఏ పక్షానికన్నది ఏటా మారుతున్నా సరే. 2019 నవంబరులో అంతా ఇంగ్లీషు మాధ్యమమన్నారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలను కొట్టివేసింది, ఆ తరవాత ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాయి. రెండు వైపులా ఒకే బొమ్మ ఉన్నప్పుడు రెండుసార్లు ఎందుకు మాస్టారూ, ఒకటి చదివితే చాలదా అని ఒక కుర్రాడు అడిగాడు. వాడిలో మంచి పాలనాధికారి ఉన్నాడు. 2023లో ప్రభుత్వ బడి పిల్లలకు టోఫెల్ అనే ఇంగ్లీషు పరీక్ష అన్నారు, మరుసటి ఏడాది వద్దన్నారు. బస్సు కోసం కూడా ఊరి పొలిమేర దాటని పిల్లలకు ఆ పేరు ఒక మిఠాయిదో మందుదో అనిపించేది. పోయినందుకు వారు విచారించినట్టు లేదు.

మీ శిక్షణల గురించి ఎక్కువ రాయను. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో బహుతరగతి బోధన ఎలా చేయాలన్న అంశం మీద నేను శిక్షణ పొందిన రోజుల్లో మా బడికి తాళం వేసి ఉంది.

ఇక మంగళవారం సంగతి. వంటగది పక్క గోడ మీద భోజన పట్టిక రాసి ఉంటుంది. 2024లో పథకం పేరు మారినప్పుడు గోరుముద్ద అన్న చోట సున్నం కొట్టి, డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం అని రాయించాం. రెండో తరగతి పిల్ల ఒకతె, ఇంతవరకు ఒత్తు కనిపిస్తే ఆగిపోయేది, ఆరోజు కంచం పట్టుకుని వరసలో నిలబడి ఆ గోడను చూస్తూ, డొ... క్కా... సీ... త... మ్మ అని కూడబలుక్కుని చదివింది. చదివి, ఆవిడ మనూరు ఎప్పుడు వస్తారు మాస్టారూ అని అడిగింది. మీ పట్టికలో తిన్నవారి గడి ఉంది, గుడ్ల గడి ఉంది, చదివినవారి గడి ఎక్కడుందో వెతికాను, దొరకలేదు. ఫోను జేబులో పెట్టుకుని, కోనసీమలో లంకల గన్నవరమనే ఊళ్లో ఆ తల్లి వేళ కాని వేళలో వచ్చినవారికి కూడా అన్నం వండి పెట్టేదని చెప్పడం మొదలుపెట్టాను. పంతొమ్మిది మందీ కంచాలు ముందు పెట్టుకుని విన్నారు. గోదావరి పొంగితే ఏం చేసేదని ఒకడు, అంత బియ్యం ఎక్కడివని ఇంకొకడు అడిగారు. అక్కడ మొదలై అది లెక్కల పాఠమైంది, పడవల పాఠమైంది. ముగిసేసరికి 42 నిమిషాలు పట్టిందని మీ మెమో చూశాకే నాకు తెలిసింది.

ఆ తరవాత ఈశాన్య మూలకు వెళ్లి, తిన్నవారు 19, గుడ్లు 19 అని నమోదు చేశాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఏకోపాధ్యాయుడు.

జతపరచినవి: పాఠం జరిగినట్టు ఫొటో – లేదు.