పంపరపనస గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పంపరపనస గారికి,

పాలకొల్లు నుంచి మీ శ్రేయోభిలాషి రాయునది. ఉభయకుశలోపరి.

అయ్యా, మీ పేరుతో మా ఇంట్లో ఏటా వినాయకచవితికి గొడవే. ఈసారి హైదరాబాద్ నుంచి వచ్చిన మేనల్లుడు, బరువుకి పాలవెల్లిని ఓ పక్కకి వంచేసి వేలాడుతున్న మిమ్మల్ని చూసి "పనస అన్నావుగా మావయ్యా, తొనలేవీ?" అన్నాడు. పూజయ్యాక ఒలిచి పెట్టాను. తొనలైతే ఉన్నాయి. ఒకటి నోట్లో వేసుకుని వాడు పెట్టిన మొహం చూడాలి! ఉప్పూకారం అద్ది ఇస్తే గానీ మామూలు మనిషి కాలేదు.

మీరేమో నిమ్మ, నారింజల కుటుంబం. పనసది మర్రి, మేడిల కుటుంబం. ఎటు నుంచి లెక్కేసినా చుట్టరికం కలవదు. కోనసీమలో పెళ్లంటే పనసపొట్టు కూర ఉండాల్సిందే. మిమ్మల్ని పొట్టు కొట్టమంటే వంటవాళ్లు కత్తి పారేసి వెళ్లిపోతారు. మరి ఆ ఇంటిపేరు ఎక్కడిది, దత్తత వెళ్లారా?

నా అనుమానమంతా డచ్చివాళ్ల మీద. 17వ శతాబ్దంలో మా పాలకొల్లులో, నరసాపురంలో బట్టల వ్యాపారానికి దిగారు కదా. వాళ్ల భాషలో మీరు 'పొంపెల్మూస్'. తమిళులు బుద్ధిగా 'పంబళిమాసు' అన్నారు. మనవాళ్లు సగం విని 'పంపర' అనేసి, మిగతా సగానికి ఓపిక లేక పెరట్లో కనిపించిన పనసని తగిలించి ఉంటారు. ఇంగ్లీషువాళ్లు మరీ ఘోరం. మిమ్మల్ని వెస్టిండీస్‌కి మోసుకెళ్లాడని చెప్పుకునే ఓడ కెప్టెన్ పేరు పెట్టి 'షాడక్' అన్నారు. లారీ డ్రైవర్ పేరు కొబ్బరికాయకి పెట్టినట్టుంది!

నిజానికి మీది పెద్ద వంశం. మీకూ కమలాకీ పుట్టిందే బత్తాయి. మళ్లీ మీకూ ఆ బత్తాయి వర్గానికీ పుట్టింది గ్రేప్‌ఫ్రూట్ (ఈ వరస పిల్లల ముందు చెప్పను లెండి). అదేమో ద్రాక్ష పేరు పెట్టుకుని సూపర్‌మార్కెట్లో కూర్చుంది. పరాయి ఇంటిపేర్ల జబ్బు మీ రక్తంలోనే ఉన్నట్టుంది.

మేనల్లుడు వెళ్తూ మీలో మిగిలిన సగాన్ని ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాడు. డబ్బా మీద చీటీ అంటించాడు: "పనస కాదు."

ఇట్లు,
మీ పాలకొల్లు మావయ్య