పావు చుక్క గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పావు చుక్క గారి సముఖానికి,

ఫోన్లో బీర్లకు మార్కులేసే యాప్‌లోని అయిదు చుక్కల పద్దులో అందరికంటే చిన్నవారు మీరే. అయినా పెత్తనమంతా మీదే. ప్రాగ్‌లోనో బ్రస్సెల్స్‌లోనో నిండు గ్లాసు ముందు కూర్చున్న మనిషి, నురగ దిగిపోతున్నా పట్టించుకోకుండా ఫోను పట్టుకుని 'మూడున్నరా, మూడుముప్పావా' అని మల్లగుల్లాలు పడుతున్నాడంటే అది మీ మహిమే. మన భాషలో చుక్క ఆకాశంలోనూ ఉంటుంది, గ్లాసులోనూ ఉంటుంది. ఆ రెంటికీ లంకె కుదిర్చిన పుణ్యం మాత్రం మీకే దక్కింది.

ముందు అంకెల సంగతి తేల్చుకుందాం. మీ భక్తుడు చెక్ దేశపు పిల్జెన్ ఊళ్లో మెనూ మీద '12' చూసి జడుసుకుంటాడు, పన్నెండు శాతం ఆల్కహాల్ అనుకుని. అది మత్తు లెక్క కాదు. పులియబెట్టకముందు వంద గ్రాముల మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) రసంలో 12 గ్రాముల సారం, అంటే ఎక్కువగా చక్కెరలు, ఉందని దానర్థం. పులిశాక నాలుగున్నర, అయిదు శాతం దగ్గర తేలుతుంది. ఆ ఊరి పిల్స్నర్ ఉర్క్వెల్ బీరులో అయితే 4.4 శాతమే. అదే మనిషి వారం తిరక్కుండా బెల్జియం చేరి, వెస్ట్‌వ్లెటెరెన్ అనే బీరు సీసా మూత మీద మళ్లీ '12' చూసి, 'ఓస్, మనకు తెలిసిందేగా' అని ధీమాగా ఎత్తుతాడు. అందులో ఉన్నది 10.2 శాతం. రోష్‌ఫోర్ '10' అనే ఇంకో బెల్జియన్ బీరు ఇంకా గడుసుది, 11.3. ఆ పదీ శాతం కాదు, పులియకముందు రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే పాత బెల్జియన్ డిగ్రీల లెక్క.

ఇక కూడికలు. 330 మి.లీ. రోష్‌ఫోర్ 10 సీసాలో అచ్చమైన ఆల్కహాల్ 37 మి.లీ. పైచిలుకు. అరలీటరు పిల్స్నర్‌లో 22. రెండు రోష్‌ఫోర్‌లు తాగినవాడు, పిల్జెన్ లెక్కన మూడు గ్లాసులు ముగించి నాలుగోదాంట్లో మూడోవంతు దాటినట్టు. ఆ స్థితిలో రెండో సీసాకు నాలుగున్నర చుక్కలు పడకపోతే ఆశ్చర్యపోవాలి. అవి బీరుకు పడ్డాయో, ఒళ్లు తేలికైనందుకు పడ్డాయో తమరికే తెలియాలి.

రెండో మనవి నురగ గురించి. చెక్ కుళాయికి పిడి పక్కనుంటుంది, లోపల గోళం కవాటం. పోసేవాడు గ్లాసును చన్నీళ్లతో కడిగి, కుళాయిని రవ్వంత తెరిచి ముందు నురగ పడతాడు. మీగడలా తడిగా, సన్నటి బుడగలతో ఉండే నురగ. తర్వాత కుళాయి ముక్కును ఆ నురగలో ముంచి పూర్తిగా తెరుస్తాడు. బీరు నురగ కిందుగా దిగి, దాన్ని పైకి లేపుతుంది. మూడు వేళ్ల మందాన నిలిచిన ఈ పోతను 'హ్లదింకా' అంటారు. ఇది గాలికి మూత. దీన్ని తీసేయమని బతిమాలేవాడు కొబ్బరిబోండం మీద టెంక తీసేసి ఎండలో పెట్టమన్నట్టే. నురగ వాటా పెంచి బీరు తగ్గిస్తే 'ష్నిత్'. గ్లాసంతా దాదాపు నురగే అయితే 'మ్లీకో', అంటే పాలు. తియ్యగా ఉంటుంది, కరిగేలోపే గుక్కలో తాగేయాలి. దీనికి మీ భక్తుడు వేసేది ఒకటిన్నర చుక్క, 'గ్లాసులో బీరే లేదు' అన్న ఫిర్యాదుతో.

అతను ముందు ఫొటో తీస్తాడు. వెలుతురు బాగుందని గ్లాసును కిటికీ దగ్గర ఎండలోకి జరుపుతాడు. బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల పదార్థాలకు ఎండ తగిలితే నిమిషాల్లో పాడుకంపు మొదలవుతుంది. ఈలోగా నురగ చప్పబడుతుంది, బీరు వెచ్చబడుతుంది. అప్పుడు వాసన చూసి, 'ఏదో తేడాగా ఉంది' అని మిమ్మల్ని ఒకరిని కోసేస్తాడు. ఆ తేడా చేసింది ఎవరండీ?

గ్లాసు శుభ్రంగా ఉందో లేదో చూసుకునే ఓపికా ఉండదు. గాజుకు లోపలి వైపు బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే జిడ్డు ఉన్నట్టు. శుభ్రమైన గ్లాసులో ప్రతి గుటకకూ ఒక నురగ గీత మిగిలిపోతుంది. ఎన్ని గుటకల్లో ముగించారో ఆ గీతలు లెక్కపెట్టి చెప్పొచ్చు.

గీత అంటే గుర్తొచ్చింది. మీకంటే ముందునుంచే చెక్ పబ్బుల్లో ఒక రేటింగ్ పద్ధతి ఉంది. బల్ల మీద సన్నటి కాగితం ముక్క పెడతారు. గ్లాసు వచ్చినప్పుడల్లా వెయిటర్ పెన్సిల్‌తో ఒక గీత గీసి వెళ్తాడు. పాతకాలపు చోట్ల గ్లాసు ఖాళీ అయితే అడక్కుండానే ఇంకోటి వస్తుంది. వద్దంటే గ్లాసు కింద ఉండే అట్ట బిళ్లను తీసి గ్లాసు మీద మూతలా పెట్టాలి. ఆ కాగితం పోగొట్టుకోకూడదు, దాని మీద పిచ్చిగీతలు గీయకూడదు, బిల్లు అదే. బీరు బాగుంటే గీతలు పెరుగుతాయి, బాగోకపోతే ఒకటి దగ్గరే ఆగుతాయి. చుక్కలు పెట్టినంత మాత్రాన ముగ్గు అయిపోదు, గీత కలవాలని మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. పది డిగ్రీల లేత లాగర్‌కు మీరు మూడుంపావు దాటనివ్వరు. చెక్‌వాడి కాగితం మీద దానికి ఆరు గీతలు. (బండి నడిపేవాడికి మాత్రం ఆ దేశంలో పరిమితి సున్నా. అతనికి ఒక్క గీత కూడా ఎక్కువే.)

ఓర్వాల్ అనే బెల్జియన్ బీరుకు మీరు చేస్తున్న అన్యాయం వేరే రకం. బౌలింగ్ ఆట పిన్ను ఆకారపు సీసా, 6.2 శాతం, సీసాలో బ్రెట్టనోమైసిస్ అనే మొండి ఈస్టు. నింపిన కొత్తలో హాప్స్ ఘాటు, చేదు. ఏడాది గడిస్తే ఆ ఘాటు తగ్గి, ఈస్టు మిగిలిన చక్కెరలు తినేసి, తోలు వాసన, పశువుల కొట్టం వాసన, ఎండుగడ్డి పొడితనం వచ్చేస్తాయి. మే నెల కొత్తావకాయనూ సంక్రాంతినాటి ఆవకాయనూ ఒకే మార్కుతో సరిపెడితే మన ఇళ్లలో గొడవలవుతాయి. సీసా మీద నింపిన తేదీ అచ్చువేసి ఉంటుంది. చుక్కతోపాటు అది రాయనివాడి మాట ఏ ఓర్వాల్‌ గురించో ఎవరికీ తెలీదు.

గ్యూజ్ అనే పుల్లటి బీరు దగ్గర భక్తుడి గతి మరీ దారుణం. బ్రస్సెల్స్ ఆండర్‌లెక్ట్‌లో 1900లో మొదలైన కాంతియోన్ అనే బీరు కాచే చోట ఈస్టు కొనరు. చలి నెలల్లో వేడి రసాన్ని అటక మీది వెడల్పాటి రాగి తొట్టిలో రాత్రంతా ఆరబెడతారు. గాలిలోని, ఆ చోటులోని సూక్ష్మజీవులు అందులోకి దిగి, తర్వాత పీపాల్లో ఏళ్ల తరబడి పులియబెడతాయి. ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల లాంబిక్‌లను (ఇలా పులిసిన బీరు పేరు అది) కలిపి సీసాలో మళ్లీ బుసబుసలాడనిస్తే గ్యూజ్. పుల్లగా, పొడిగా ఉంటుంది. దానికి 'పాడైపోయింది, అర చుక్క' అని రాసిన తెలుగువాడు, చింతకాయ తొక్కు తిని పెరిగిన నోరు పెట్టుకుని ఎలా రాశాడో!

ఇక మీ పెద్దల అసలు ఘనకార్యం 2005లోది. రేట్‌బీర్ అనే వెబ్‌సైట్‌లో బీర్లకు మార్కులు వేసేవాళ్లు వెస్ట్‌వ్లెటెరెన్ 12ను ప్రపంచంలో మేటి బీరని తేల్చారు. దాన్ని కాచేది క్రైస్తవ సన్యాసులు, అదీ ఆశ్రమం గడవడానికి సరిపడా మాత్రమే. మీ పుణ్యాన కార్లు బారులు తీరి, నిల్వ ఖాళీ అయింది. వాళ్లు ఉత్పత్తి పెంచలేదు. సీసా దొరకడం కష్టమయ్యేకొద్దీ చుక్కలు పెరిగాయి. ఆశ్రమం ఎదురుగా ఉన్న ఇన్ దె వ్రెదె కఫేలో అదే బీరు కూర్చుని తాగొచ్చు, సుఖంగా.

మీకు నిజంగా పని చేయాలనుంటే ఒక రోజుకు నాలుగు రకాలు, తలా 150 మి.లీ. చాలు. లేతవి ముందు, బలమైనవి చివర. పులుపువి తర్వాతెప్పుడో విడిగా. మధ్యలో నీళ్లు, ఉత్త రొట్టె. మిరపకాయ బజ్జీ తిన్న నోటితో కూర్చోవద్దు. పిల్స్నర్ 7 డిగ్రీల దగ్గర, నల్లటి బలమైన బెల్జియన్ 10 నుంచి 14 మధ్య. సీసాలో పులిసినవాటిని ఒకరోజు నిలువుగా ఉంచి, గ్లాసు వంచి ఒకే ధారగా పోసి, అడుగున వేలెడు మడ్డిని వదిలేయాలి. తీర్పు మొదటి గుటకకు కాదు, మూడోదానికి. ఫోను జేబులో ఉండాలి.

చివరగా సామాను లెక్క. మన కస్టమ్స్ సుంకం లేకుండా ఒప్పుకునేది రెండు లీటర్లు. 330 మి.లీ. సీసాలు ఆరైతే 1.98. మీ భక్తుడు ఆరింటినీ మేజోళ్లలో చుట్టి పెట్టెలో పడుకోబెట్టి శంషాబాద్‌లో దిగుతాడు. మడ్డంతా లేచి ఉంటుంది. మూడు రోజులు నిలబెట్టమని చెప్పేలోపే బావమరిది ఒకదాన్ని డీప్ ఫ్రీజర్‌లో పడేస్తాడు. గంట తర్వాత మూత తీస్తే సగం నురగ సింకులోకి పోతుంది. మిగిలింది స్టీలు గ్లాసులో పోసుకుని, ఒక గుటక వేసి, కళ్లు మూసుకుని అంటాడు: "స్ట్రాంగే బావా, కానీ కూలింగ్ ఇంకాస్త ఉండాల్సింది."

దానికి ఎన్ని చుక్కలో తమరే వేసుకోండి.

ఇట్లు,
అట్ట బిళ్లను ఇంకా గ్లాసు మీద పెట్టనివారు