తోక వెంట్రుకలో మెత్తదనం

ఆంధ్రా సరిహద్దు దగ్గర ఒడిశాలో ఉన్న గుణుపురం సంతలో ఎద్దును బేరమాడే రైతు పళ్లు చూసి, గిట్టలు తట్టి, చివరికి ఒంటిమీది సుడుల దగ్గర ఆగిపోతాడు. ఏ సుడి ఇంటికి కలిసివస్తుందో, ఏది యజమానిని అప్పులపాలు చేస్తుందో చెప్పగల పెద్దలు వంశధార ఒడ్డున ఇంకా ఉన్నారు. వారిని మూఢులని తీసిపారేసే విద్యావంతులకు ఒక విన్నపం: ఆధునిక ప్రయోగశాల కూడా పశువు వెంట్రుకనే చూస్తుంది, కాకపోతే తోకనుంచి కుదురుతో సహా పీకి మరీ చూస్తుంది.

అక్కడ వెదికేది అదృష్టాన్ని కాదు, మాంసం మెత్తదనాన్ని. 29వ క్రోమోజోము మీది జన్యువు తయారుచేసే కాల్పైన్ అనే ఎంజైము, పశువు ప్రాణం పోయాక కండరంలోని ప్రోటీన్లను తెంచి మాంసాన్ని మెత్తబరుస్తుంది. 7వ క్రోమోజోము వాటాగా వచ్చే కాల్పాస్టాటిన్ అనే మరో ప్రోటీన్ దాని చేయి పట్టుకుని ఆపుతుంది. ఈ జన్యువుల్లో ఒక్క డీఎన్ఏ అక్షరం మారితే ముక్క నమిలేవాడి దవడకు ఎంత శ్రమో కొంతవరకు ముందే చెప్పవచ్చునట. కొంతవరకే సుమా! మిగతాది పశువు వయసు, మాంసాన్ని చల్లబరిచిన తీరు, వంటవాడి చేయి నిర్ణయిస్తాయి. ఆ మాట ఈ పరీక్షను అమ్మేవాడి కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సుడి చెప్పే పెద్దాయనకు ఆ పాటి కరపత్రం కూడా లేదు.

మూపురం ఉన్న జాతుల్లో కాల్పాస్టాటిన్ జోరు ఎక్కువ కనుక వాటి మాంసం గట్టిదని శాస్త్రం తేల్చింది. అమెరికావారి బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తం ఉన్నదని ఛాతీ విరుచుకునేవారు ఈ కీర్తిలోనూ వాటా తీసుకోవాలి. కాల్పైన్ జన్యువులో అక్షరం మారే ఒక చోటైన 316 అనే సూచికలో, మెత్తదనాన్నిచ్చే అక్షరం మూపురపు జాతుల్లో అరుదుగా కనిపించడంవల్ల, రెండు రకాల పశువులకూ పనికివచ్చే 4751 అనే మరో సూచికను వెదకవలసి వచ్చింది. మొండితనంలో మనవాళ్లు ప్రపంచాన్ని ఇంతగా పని చేయించిన సందర్భాలు తక్కువ.

ఇక మన సరిహద్దుకు ఈ విద్య ఎలా ఉపయోగపడుతుందో ఆలోచిద్దాం. ఒడిశాలో 1960 నాటి శాసనం ఆవును వధించడాన్ని నిషేధించింది. ఎద్దు విషయంలో 14 ఏళ్లు దాటినదనో, ఇక ఏ పనికీ పనికిరాదనో ధ్రువపత్రం ఉంటేనే అనుమతి. అంటే శాస్త్రజ్ఞులు లేతదనాన్ని వెదుకుతుండగా, చట్టం అత్యంత ముదురును ఎంపిక చేసి పెడుతుంది. వయసుతోపాటు కండరాల మధ్య కొలాజెన్ అనే పీచు ప్రోటీన్ పెనవేసుకుని బిగుస్తుంది. దానిముందు కాల్పైన్ చేయగలిగింది పెద్దగా లేదు. పైగా చల్లని గదిలో రెండు వారాలు నిలవ ఉంచితేనే ఆ ఎంజైము పని పూర్తిగా తెలుస్తుంది. మన సంతలో పొద్దున తెగిన మాంసం మధ్యాహ్నానికి గిన్నెలో ఉడుకుతుంటే, పాపం కాల్పైన్ ఉద్యోగంలో చేరిన రోజే పదవీవిరమణ పొందుతుంది.

అయినా నిరాశ అనవసరం. ధ్రువపత్రంలో '14 ఏళ్లు నిండినది' అన్న గడి పక్కనే 'జన్యురీత్యా లేతది' అన్న గడి ఒకటి చేర్చమని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. వెంట్రుక పీకే బాధ్యత ఏ శాఖదో మాత్రం ముందే తేల్చుకోవాలి. పదేళ్లకు పైగా నాగలి లాగిన ఎద్దు తన్నును మెత్తబరిచే సూచిక ఏ క్రోమోజోము మీదా ఇంకా దొరకలేదు.